సైనస్ గాలిగదుల అసాధారణ విస్తరణ

ముక్కు చుట్టూ ఉన్న ఎముకలలోని గాలిగదులు ఉండవలసిన పరిమాణాన్ని మించి పెరగడాన్ని సైనస్ గాలిగదుల అసాధారణ విస్తరణ అంటారు. దీని తీవ్ర రూపాన్ని వైద్యగ్రంథాలలో న్యూమోసైనస్ డైలటన్స్ అని వ్యవహరిస్తారు. ఇది అరుదైన స్థితి. పెరిగిన గదిలో చీము గానీ, నీరు గానీ, గడ్డ గానీ ఉండదు. ఉండేది గాలి ఒక్కటే. లోపలి పొర కూడా చాలామందిలో ఆరోగ్యంగానే ఉంటుంది. అయినప్పటికీ ఎముక గోడ నెమ్మదిగా బయటికి జరిగి, నుదురు గానీ చెంప గానీ ఉబ్బెత్తుగా కనిపించవచ్చు. కంటి నరానికి దగ్గరగా ఉన్న గది పెరిగినపుడు చూపు మందగించవచ్చు. మెదడు పొరలలో పుట్టిన గడ్డకు ఈ విస్తరణ తొలి సూచన అయిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఈ చివరి కారణం వల్లనే ఇంత అరుదైన స్థితిని గురించి సామాన్యులు కూడా కొంత తెలుసుకొని ఉండటం అవసరం.

సైనస్ అనే మాట

తెలుగునాట "నాకు సైనస్ ఉంది" అనే మాట తరచుగా వినబడుతుంది. నిజానికి సైనస్ అనేది రోగం కాదు, శరీరంలోని ఒక భాగం. "నాకు కాలేయం ఉంది" అనడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. ఆ గదుల పొర వాచినపుడు వచ్చే రోగానికి సైనసైటిస్ అని పేరు. ఆయుర్వేదంలో దీర్ఘకాలపు ముక్కు రోగాలను పీనసం అన్నారు. పల్లెలలో పడిశం, రొంప అనేవి తక్కువ కాలం ఉండే జలుబుకు చెల్లుతాయి. ఈ వ్యాసంలో చెప్పబడుతున్న విస్తరణ వీటిలో దేనికీ చెందదు. పేర్ల కలగాపులగం వల్ల జరిగే నష్టం ఏమంటే, తలనొప్పి, నుదుటి బరువు, కంటి వెనుక నొప్పి అన్నిటికీ "సైనస్" అనే ఒకే పేరు పెట్టి ఆవిరి పట్టుకుంటూ ఏళ్ళు గడిపేయడం.

గాలిగదులు

మనిషి తలలో ముక్కుకు అనుబంధంగా నాలుగు జతల గాలిగదులు ఉన్నాయి. కనుబొమల పైన నుదుటి ఎముకలో ఉన్నది నుదుటి గది, అనగా ఫ్రాంటల్ సైనస్. చెంప ఎముక లోపల, పై దవడ పళ్ళకు పైన ఉన్నది చెంప గది, అనగా మాగ్జిలరీ సైనస్. రెండు కళ్ళ నడుమ తేనెపట్టు వలె చిన్న చిన్న అరలుగా ఉన్నవి ఎత్మాయిడ్ గదులు. వీటన్నిటికీ వెనుక, పుర్రె అడుగున నట్టనడుమ ఉన్నది స్ఫీనాయిడ్ గది. స్ఫీనాయిడ్ ఎముకకు సంస్కృతంలో జతూకాస్థి అని పేరు. జతూక అనగా గబ్బిలం. విడిగా తీసి చూస్తే ఆ ఎముక రెక్కలు చాచిన గబ్బిలం వలెనే ఉంటుంది. స్ఫీనాయిడ్ గదికి పైన పిట్యూటరీ గ్రంథి, పక్కన కంటి నరం, మెదడుకు రక్తం తీసుకుపోయే ప్రధాన ధమని ఉంటాయి. కొందరిలో ఈ నరానికీ గదిలోని గాలికీ మధ్య పలుచని ఎముక పొర మాత్రమే ఉంటుంది.

పుట్టినపుడు ఈ గదులన్నీ పూర్తి రూపంలో ఉండవు. శిశువులో చెంప గది, ఎత్మాయిడ్ గదులు చిన్నవిగా ఉంటాయి. నుదుటి గది ఎక్స్‌రేలో కనిపించేసరికి పిల్లలకు ఆరేడేళ్ళు వస్తాయి. యుక్తవయసు ముగిసేనాటికి పెరుగుదల ఆగిపోతుంది. పెద్దవారి చెంప గది ఒక్కొక్కటీ సగటున 15 మిల్లీలీటర్లు, అంటే సుమారు మూడు టీస్పూన్ల నీరు పట్టేంత ఉంటుంది. నుదుటి గది దానిలో సగం కూడా ఉండకపోవచ్చు. కొందరిలో ఒక పక్క నుదుటి గది అసలే ఏర్పడదు. ఈ గది ఆకారం మనిషి మనిషికీ మారుతుంది, కవల పిల్లలలో సైతం ఒకటిగా ఉండదు. అందుచేత గుర్తు తెలియని మృతదేహాలను పాత ఎక్స్‌రేలతో పోల్చి గుర్తించడానికి దీనిని వేలిముద్ర వలె వాడతారు. ఈ పద్ధతిని కల్బర్ట్, లా అనే ఇద్దరు వైద్యులు 1927 లో ప్రచురించారు.

గదుల ఉపయోగం ఏమిటన్నది ఇప్పటికీ వివాదాస్పదమే. తల బరువు తగ్గించడానికనీ, గొంతుకు మార్దవం ఇవ్వడానికనీ, పీల్చే గాలిని వెచ్చబరచడానికనీ, దెబ్బ తగిలినపుడు మెదడును కాపాడటానికనీ పలువురు పలు విధాలుగా చెప్పారు. ఈ గదులలో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు అధికంగా తయారవుతుందని 1990లలో స్వీడన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

పశువులలో ఈ గదులు మనకంటే ఎంతో పెద్దవి. హిందూపురం ప్రాంతపు రైతులకు పరిచయమైన హళ్ళికార్ ఎద్దులను ఉదాహరణగా తీసుకోవచ్చు. లేగదూడకు కొమ్ము మొలిచేటపుడు లోపలి ఎముక గట్టిగా ఉంటుంది. పశువు ఎదిగే కొద్దీ నుదుటి గది ఆ ఎముకలోనికి చొచ్చుకొనిపోయి దానిని గుల్ల చేస్తుంది. అందువలననే పెద్ద ఎద్దుకు కొమ్ము మొదలంటా విరిగితే ఆ పక్క ముక్కు రంధ్రం నుండి రక్తం కారుతుంది. దగ్గరలోని లేపాక్షిలో ఏకశిలా నందిని చూసేవారు దాని విశాలమైన నుదుటిని గమనిస్తారు. అసలు నందికి ఆ నుదురు లోపల చాలా భాగం గాలి. ఎద్దుకు సహజమైన ఈ పెరుగుదల మనిషిలో ఎందుకు ఆగిపోతుందో, అరుదుగా కొందరిలో ఎందుకు ఆగదో అన్నదే ఇక్కడి ప్రశ్న.

చరిత్ర

గాలిగదులను బొమ్మలో స్పష్టంగా చూపిన తొలివారిలో లియొనార్డో డా విన్సీ ఒకడు. 1489 లో అతడు గీసిన పుర్రె చిత్రాలలో నుదుటి గది, చెంప గది రెండూ ఉన్నాయి. ఇంగ్లండుకు చెందిన నతానియెల్ హైమోర్ 1651 లో చెంప గదిని వివరంగా వర్ణించాడు. పన్ను తీయించుకున్న ఒక స్త్రీ ఆ రంధ్రంలోనికి మొదట వెండి సూదినీ, తర్వాత పక్షి ఈకనూ దూర్చి, అది ఎంతదూరం పోయినా అడ్డు తగలకపోవడంతో మెదడులోనికి పోయిందేమోనని హడలిపోయిన ఉదంతం అతని గ్రంథంలో ఉంది.

గాలితో నిండిన గది అసాధారణంగా పెరిగిన రోగిని గురించి 1898 లో మేయెస్ రాశాడు. న్యూమోసైనస్ డైలటన్స్ అనే పేరును 1918 లో బెంజమిన్స్ అనే డచ్చి వైద్యుడు స్థిరపరచాడు. న్యూమో అనగా గాలి, డైలటన్స్ అనగా విస్తరించేది. ఆ తరువాత చాలా కాలం ఈ పేరును ఒక్కొక్కరూ ఒక్కొక్క అర్థంలో వాడారు. 1987 లో అమెరికా వైద్యుడు అర్కెన్, అతని సహచరులు ఒక వర్గీకరణ చేసి ఈ గందరగోళానికి కొంత ముగింపు పలికారు.

మూడు రకాలు

ఆ వర్గీకరణ ప్రకారం మొదటిది హైపర్‌సైనస్. ఇందులో గది సగటు కంటే పెద్దది, కాని తన ఎముక సహజ సరిహద్దులను దాటదు. బయటికి ఉబ్బు కనిపించదు, బాధ ఉండదు. వేరే కారణంతో తీసిన ఎక్స్‌రేలోనో స్కాన్‌లోనో బయటపడుతుంది. దీనిని రోగం అనడం కంటే పొడగరితనం వంటి తేడా అనుకోవడం మేలు.

రెండవది అసలైన న్యూమోసైనస్ డైలటన్స్. ఇందులో గది సహజ సరిహద్దులను దాటి నుదుటి మీదికో, కంటిగుంటలోనికో, మెదడు వైపుకో, ముక్కులోనికో పొడుచుకొని వస్తుంది. అయితే గోడ మందం మాత్రం మామూలుగానే ఉంటుంది. మూడవది న్యూమోసీల్. ఇందులో గోడ కొంతమేర గానీ, అంతటా గానీ పలుచబడిపోతుంది, ఒక్కొక్కచోట ఎముక పూర్తిగా లేకుండా పోవచ్చు.

మొదటి రెంటికీ తేడా చెప్పడం నుదుటి గది విషయంలో అంత సులభం కాదు. ఆ గది సహజంగానే అన్ని కొలతలలోనూ కనిపిస్తుంది కనుక, ఎక్కడ గీత గీయాలన్నది చూసే వైద్యుని మీద ఆధారపడుతుంది.

అసలు గాలిగది పెరగడానికీ, గదిలో ఏదో చేరి అది ఉబ్బడానికీ భేదం ఉంది. గది ద్వారం మూసుకొనిపోయి శ్లేష్మం నిండి గోడలను నెట్టితే అది మ్యూకోసీల్. ఎలర్జీతో కూడిన శిలీంధ్ర సైనసైటిస్‌లో జిగురు వంటి చిక్కని పదార్థం నిండి గోడలు పలుచబడతాయి. ఇది ఉష్ణదేశాలలో తరచుగా కనిపించేది, మన దేశంలో ముక్కు వైద్యులు బాగా ఎరిగినది. ఈ రెండింటిలోనూ గది నల్లగా, అనగా గాలితో, కనిపించదు. మొదట చూడవలసిన తేడా ఇదే.

ఎవరిలో, ఏ గదిలో

అన్నిటికంటే ఎక్కువగా పెరిగేది నుదుటి గది. స్ఫీనాయిడ్, ఎత్మాయిడ్, చెంప గదులు ఆ తరువాత. ఒక్కొక్కరిలో ఒకటి కంటే ఎక్కువ గదులు పెరగవచ్చు. నుదుటి గది విస్తరణ ఇరవై, నలభై ఏళ్ళ నడుమ పురుషులలో ఎక్కువగా నమోదయింది. నుదురు ముందుకు పొడుచుకొని వచ్చినపుడు మొదట గమనించేది రోగి కాదు. పాత ఫోటో పక్కన పెట్టి చూసిన బంధువులో, చాలాకాలానికి కలిసిన స్నేహితుడో గుర్తిస్తారు. మార్పు అంత నెమ్మదిగా జరుగుతుంది.

కారణాలు

కారణం ఇదేనని నూరేళ్ళు దాటినా నిర్ధారణ కాలేదు. ఒకే రూపం వెనుక పలు కారణాలు ఉండవచ్చునన్నది ఎక్కువమంది అభిప్రాయం. వాటిలో ముఖ్యమైనవి కింద వివరించబడినాయి.

ఒకవైపు తెరుచుకునే ద్వారం: ప్రతి గాలిగదికీ ముక్కులోనికి తెరుచుకునే సన్నని ద్వారం ఉంటుంది. దాని వెడల్పు కొద్ది మిల్లీమీటర్లు. దాని దగ్గర మడత వంటి పొర అడ్డుపడి, సైకిల్ ట్యూబు వాల్వు వలె గాలిని లోపలికి రానిచ్చి బయటికి పోనివ్వకపోతే గదిలో ఒత్తిడి పెరుగుతుంది. ఎముక జీవమున్న పదార్థం. లోపలి నుండి ఒత్తిడి ఎడతెగక ఉంటే లోపలి వైపు కరిగి, బయటి వైపు కొత్తగా ఏర్పడుతూ గోడ మెల్లగా జరుగుతుంది.

ధర్మవరం నుండి పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు పోయే రైలు దీనిని అర్థం చేసుకోవడానికి పనికివస్తుంది. ధర్మవరం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది. హిందూపురం సుమారు 620 మీటర్లు, బెంగుళూరు 900 మీటర్లకు పైగా ఉన్నాయి. ఈ ప్రయాణంలో వాతావరణ పీడనం 6, 7 శాతం తగ్గుతుంది. ఆరోగ్యవంతుని గాలిగదులలో ఎక్కువైన గాలి ద్వారం గుండా బయటికి పోతుంది కనుక అతనికి ఏమీ తెలియదు. ద్వారం వాల్వు వలె ఉన్నవారిలో ఆ గాలి బయటికి పోలేక గోడలను నెడుతుంది. ఎత్తుకు పోయేటపుడు నొప్పి, దిగివచ్చేటపుడు ఉపశమనం కలుగుతాయి. విమాన ప్రయాణంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. మామూలు జలుబులో ద్వారం మూసుకున్నవారికి సాధారణంగా దీనికి విరుద్ధంగా విమానం దిగేటపుడు నొప్పి ఎక్కువగా ఉంటుంది. కాబట్టి నొప్పి ఎప్పుడు వస్తున్నదో రోగి గుర్తుపెట్టుకొని చెప్పడం వైద్యునికి ఉపకరిస్తుంది.

ఈ సిద్ధాంతానికి రెండు బలమైన ఆక్షేపణలు ఉన్నాయి. శస్త్రచికిత్సలో చూసినపుడు చాలామందిలో ద్వారం చక్కగా తెరుచుకొనే ఉన్నది. రెండవది, మూతపడిన గదిలోని గాలిని లోపలి పొర రక్తంలోనికి పీల్చుకుంటుంది. అప్పుడు గది పెరగడానికి బదులు కుంచించుకొనిపోవాలి. వాస్తవంగా అటువంటి రోగం కూడా ఉంది. చెంప గది ద్వారం మూసుకొని, గోడలు లోపలికి కుంగి, కన్ను లోపలికి జారిపోయే ఈ స్థితికి 1994 లో సైలెంట్ సైనస్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. కనుక వాల్వు సిద్ధాంతం నిలవాలంటే తుమ్ము, చీదడం వంటి వాటితో గాలి మళ్ళీ మళ్ళీ లోపలికి చేరుతూ ఉండాలి. చెంప గది న్యూమోసీల్ విషయంలో ఈ వివరణ బాగా సరిపోతుంది. నుదుటి గది విషయంలో అంతగా సరిపోదు.

మెనింజియోమా: మెదడును కప్పి ఉండే పొరల నుండి పుట్టి నెమ్మదిగా పెరిగే గడ్డకు మెనింజియోమా అని పేరు. అధిక భాగం క్యాన్సర్ కానివి. స్త్రీలలో ఎక్కువ. కంటి నరం తొడుగు నుండి గానీ, స్ఫీనాయిడ్ ఎముక పై భాగాన గానీ ఈ గడ్డ పుట్టినపుడు దానికి ఆనుకొని ఉన్న స్ఫీనాయిడ్ గది, వెనుకటి ఎత్మాయిడ్ గదులు గాలితో ఉబ్బి పైకి బొబ్బ వలె లేస్తాయి. గడ్డ నెట్టితే గది కుంచించుకొనిపోవాలి కదా, ఎదురుగా పెరగడమేమిటి అన్న సందేహం సహజం. గడ్డ ఎముకకు అతుక్కొని దానిని తన వైపు లాగుతుందని కొందరు, ఎముక పెరుగుదలను ప్రేరేపిస్తుందని కొందరు ఊహించారు. ఏది ఏమైనా ఈ సంబంధం మాత్రం పలుమార్లు రుజువైనది. ఒక కంటి చూపు క్రమంగా తగ్గుతూ, స్కాన్‌లో స్ఫీనాయిడ్ గది పెద్దదిగా కనిపిస్తే, అంతటితో ఆగక గడ్డ కొరకు ప్రత్యేకంగా వెదకవలసి ఉంటుంది. చిన్న గడ్డ మామూలు సీ.టీ. స్కాన్‌లో తప్పిపోవచ్చు. పక్కనున్న ఎముకలో మార్పే మొదట కంటికి ఆనుతుంది.

మెదడు చిన్నదైనపుడు: పుర్రెలో ఖాళీ మిగలదు. పసితనంలో మెదడులో ఒక సగం దెబ్బతిని ఎదగకపోతే, ఆ పక్క పుర్రె ఎముక మందమై, నుదుటి గది పెద్దదై ఆ చోటును నింపుతుంది. ఎక్స్‌రేలలో దీనిని 1933 లో డైక్, డేవిడాఫ్, మాసన్ అనే ముగ్గురు వర్ణించారు, అందుచేత వారి పేర్లతోనే పిలుస్తారు. ఈ రోగులకు మూర్ఛలు, శరీరంలో రెండవ పక్క బలహీనత, చదువులో వెనుకబాటు ఉండవచ్చు. తలలో నీరు చేరిన పిల్లలకు గొట్టం అమర్చి నీటిని మళ్ళించిన తరువాత, లోపలి ఒత్తిడి తగ్గి గాలిగదులు పెద్దవైన సందర్భాలు కూడా ఉన్నాయి. మూర్ఛలకు ఏళ్ళ తరబడి ఫెనిటాయిన్ మాత్రలు వాడినవారిలో పుర్రె ఎముక మందం కావచ్చు. రోగి మందుల చీటీ చూడకుండా స్కాన్ ఒక్కటే చూసి నిర్ణయించడం పొరపాటుకు దారితీస్తుంది.

ఎరాక్నాయిడ్ తిత్తి: మెదడు పొరల నడుమ స్వచ్ఛమైన ద్రవంతో ఏర్పడే సంచి ఇది. దీనితో పాటు గాలిగది పెరిగినవారు నమోదయ్యారు.

ఎక్రోమెగాలీ: పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వలన పెరుగుదల హార్మోను అధికమైతే ఎదిగే పిల్లలు అతికాయులవుతారు. ఎదుగుదల ముగిసిన పెద్దవారిలో ఎత్తు పెరగదు కాని చేతులు, పాదాలు, దవడ, కనుబొమల గట్టు పెద్దవవుతాయి. ఈ రెండవ స్థితికి 1886 లో ఫ్రెంచి వైద్యుడు పియెర్ మరీ ఎక్రోమెగాలీ అని పేరు పెట్టాడు. ఇందులో నుదుటి గది కూడా పెరుగుతుంది. ఉంగరం వేలికి పట్టకపోవడం, చెప్పుల సైజు మారడం, పళ్ళ నడుమ సందులు ఏర్పడటం, గొంతు బొంగురుపోవడం దీని గుర్తులు. వీటితో పాటు నుదురు ముందుకు వస్తుంటే అడగవలసినది ముక్కు వైద్యుని ఒక్కనినే కాదు. రక్తంలో ఐ.జి.ఎఫ్.-1 పరీక్షతో చాలావరకు సంగతి తేలుతుంది. ఇది చికిత్సకు లొంగే రోగం. గడ్డను తీయడానికి శస్త్రవైద్యులు ముక్కు గుండా పోయి ఈ స్ఫీనాయిడ్ గదినే దారిగా వాడుకోవడం ఒక విశేషం.

ఫైబ్రస్ డిస్ప్లేసియా: ఎముకలో కొంత భాగం నారవంటి పదార్థంగా మారే ఈ రోగంతో పాటు కూడా గాలిగది విస్తరణ నమోదయింది. ఐతే ఈ రోగంలో ఎముక దట్టమై గదిని పూడ్చివేయడమే ఎక్కువ. తలసీమియా రోగులలో సైతం ఎముక మజ్జ పెరిగి చెంప గదులు పూడిపోతాయి.

హార్మోన్లు, పుట్టుక: యుక్తవయసు దాటిన మగవారిలో ఎక్కువగా కనిపించడం వలన హార్మోన్ల పాత్రను కొందరు అనుమానించారు. గాలిని పుట్టించే సూక్ష్మజీవులు కారణమని కూడా ఒక పాత వాదన ఉంది, దానికి ఆధారం స్వల్పం.

పళ్ళు ఊడిన చోట: పై దవడ పళ్ళు తీసివేసిన తరువాత చెంప గది అడుగు భాగం ఆ ఖాళీలోనికి దిగుతుంది. ఇది అరుదైనది కాదు, రోగమూ కాదు. కాని కట్టుడు పళ్ళకు బదులు ఎముకలో స్క్రూ బిగించి పన్ను పెట్టించుకోదలచినవారికి ఇది అడ్డంకి. ముందుగా గది అడుగును పైకి లేపి ఎముక పొడి నింపవలసి రావచ్చు.

అనంతపురం సీమలో అపోహలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు పూర్వపు అనంతపురం జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఈ ప్రాంతపు నీటిలో ఫ్లోరైడు సమస్య ప్రసిద్ధమే. ఎముకల మార్పు అనగానే ఫ్లోరైడును తలచుకోవడం ఇక్కడివారికి సహజం. ఫ్లోరోసిస్ ముఖ్యంగా పళ్ళనూ, వెన్నెముకనూ, కటి ఎముకలనూ, కీళ్ళ దగ్గరి బంధనాలనూ దెబ్బతీస్తుంది. గాలిగదుల విస్తరణకు గుర్తించిన కారణాలలో అది లేదు.

రెండవ అపోహ పట్టు పనిని గురించినది. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకూ, ధర్మవరం చీరల నేతకూ పేరుపొందినవి. పట్టుగూళ్ళ నుండి దారం తీసేవారిలో ఉబ్బసం, ముక్కు ఎలర్జీ వస్తాయన్నది వైద్యులు గుర్తించిన విషయమే. ఎలర్జీ వలన లోపలి పొర వాచి గది ద్వారం మూసుకోవచ్చు, పాలిప్ అనే కండలు పెరగవచ్చు, సైనసైటిస్ రావచ్చు. కాని దానితోనే గాలిగది ఎముకను దాటి పెరుగుతుందనడానికి ఆధారం లేదు. ఇటువంటి వృత్తిలో ఉన్నవారికి ముక్కు బాధ ఏళ్ళ తరబడి అలవాటై ఉంటుంది. అందుచేత కొత్తగా వచ్చిన లక్షణాన్ని కూడా పాత బాధగానే భావించే ప్రమాదం వీరికి మిగిలినవారి కంటే ఎక్కువ. చీర అంచు దారాలు సరిగా కనిపించడం లేదని చెప్పే నేతగాని విషయంలో కళ్ళద్దాల నంబరు మారిందని సరిపెట్టుకునే ముందు ఒక్కొక్క కన్ను విడివిడిగా మూసి చూడటం మంచిది. రెండు కళ్ళూ తెరచి ఉన్నపుడు ఒక కంటి లోపాన్ని రెండవది కప్పిపుచ్చుతుంది.

లక్షణాలు

పెరుగుతున్న గదిని బట్టి లక్షణాలు మారతాయి. నుదుటి గది ఐతే నుదురు ఉబ్బు, బరువు, అప్పుడప్పుడు తలనొప్పి. కంటిగుంట పైకప్పు కిందికి జరిగితే కన్ను కిందికి జారి ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. చెంప గది ఐతే చెంప ఉబ్బు, ముక్కు మూసుకొనిపోవడం. స్ఫీనాయిడ్ గది ఐతే బయటికి ఏమీ కనిపించదు. తల నడిమి నొప్పి, చూపు తగ్గడం, రంగులు వెలిసినట్లు కనబడటం ఉండవచ్చు.

ఒక కంటి చూపు క్రమంగా తగ్గడం, వస్తువులు రెండుగా కనిపించడం, కనుగుడ్డు ముందుకు రావడం, కొత్తగా మూర్ఛ రావడం, ముక్కు నుండి నీళ్ళవంటి ద్రవం ఒకవైపే ఎడతెగక కారడం అనేవి ఎవరిలో కనిపించినా ఆవిరితో, చుక్కల మందుతో కాలయాపన చేయరాదు.

పరీక్షలు

మామూలు ఎక్స్‌రేలో గది పెద్దదని తెలుస్తుంది, గోడల సంగతి పూర్తిగా తెలియదు. ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సీ.టీ. స్కాన్‌ను 1971 లో తొలిసారి రోగిపై వాడారు. గోడ మందం, పలుచదనం, ద్వారం ఆకారం దీనిలో స్పష్టంగా కనిపిస్తాయి. ఆ శాస్త్రజ్ఞుని పేరుతోనే ఉన్న కొలమానంలో నీటి విలువ 0, గాలి విలువ మైనస్ 1000. గదిలో ఉన్నది గాలి మాత్రమేనా అన్న ప్రశ్నకు ఈ సంఖ్యే సమాధానం. మెదడు పొరల గడ్డ, తిత్తి, పిట్యూటరీ గ్రంథి కొరకు రంగు మందు ఎక్కించి తీసే ఎం.ఆర్.ఐ. అవసరం. దానితో పాటు కంటి వైద్యుడు చూపు పరిధిని కొలుస్తాడు. పిల్లలకు అనవసరంగా పదే పదే సీ.టీ. తీయించడం మంచిది కాదు.

పాత ఎక్స్‌రేలు, పాత ఫోటోలు పారవేయకుండా వైద్యునికి చూపడం ఎంతో ఉపయోగం. గది పెద్దదిగా ఉండటం వేరు, పెరుగుతూ ఉండటం వేరు. ఒక్క స్కాన్ మొదటిదే చెప్పగలదు.

చికిత్స

హైపర్‌సైనస్‌కు చికిత్స అక్కరలేదు. సంగతి రోగికి అర్థమయ్యేలా చెప్పి భయం పోగొడితే చాలు. న్యూమోసైనస్ డైలటన్స్‌లో కూడా బాధ లేనివారిని కొంతకాలం గమనిస్తూ ఉండవచ్చు. గడ్డ, తిత్తి, హార్మోను వంటి మూలకారణం దొరికితే చికిత్స దానికే.

ద్వారం అడ్డుపడి ఉంటే ముక్కు గుండా ఎండోస్కోపుతో దానిని వెడల్పు చేస్తారు. ఈ పద్ధతి ఆస్ట్రియాలో మెస్సర్‌క్లింగర్ కృషితో ఆరంభమై, 1980ల నుండి ప్రపంచమంతటా వ్యాపించింది. బయట కోత ఉండదు. గాలి రాకపోకలు సరిపడితే విస్తరణ ఆగుతుంది. నుదురు వికారంగా ఉబ్బినవారికి మాత్రం ఇది చాలదు. తలవెంట్రుకలలో మరుగుపడేలా కోసి, ముందు గోడ ఎముకను తీసి, చెక్కి, చదును చేసి మళ్ళీ అమర్చుతారు. కంటి నరం మీద ఒత్తిడి ఉంటే ఆలస్యం తగదు. ఎక్కువకాలం నలిగిన నరం తిరిగి కోలుకోకపోవచ్చు.

ఈ మూడు పట్టణాలవారికి ముక్కు చెవి గొంతు వైద్యుడు అందుబాటులోనే ఉంటాడు. మెదడుకు సంబంధించిన శస్త్రచికిత్సకు మాత్రం చాలామంది రైలెక్కి బెంగుళూరు పోతారు. అక్కడి నిమ్హాన్స్ 1974 లో ఏర్పడిన జాతీయ స్థాయి సంస్థ. అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2000 లో మొదలయింది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1 న తొలిదశలో ప్రారంభమైన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. నాడీ శస్త్రచికిత్సలు మొదటి నుండీ ఆ పథకంలో ఉన్నాయి. తరువాతి కాలంలో పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. పొరుగు రాష్ట్రానికి పోయేవారు అది ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో ముందుగా విచారించుకోవాలి.

శస్త్రచికిత్స తరువాత కొన్ని వారాలపాటు గట్టిగా చీదరాదు, తుమ్ము వస్తే నోరు తెరచి తుమ్మాలి. వైద్యుడు అనుమతించే వరకు విమాన ప్రయాణం మానుకోవాలి. ఎక్రోమెగాలీలో హార్మోను అదుపులోనికి వచ్చిన తరువాత చర్మం, కండ వాపు తగ్గుతాయి గాని పెరిగిన ఎముక తిరిగి తగ్గదు. విస్తరించిన గది కూడా అంతే. అందుచేత చికిత్స ఫలించిందా లేదా అన్నది నుదురు తగ్గిందా అని అద్దంలో చూసి కాక, ఏడాదికో రెండేళ్ళకో తీసిన స్కాన్‌లో గది కొలతలు మారకుండా ఉన్నాయా అని చూసి నిర్ణయిస్తారు.